సాంద్రతను లెక్కించడం ఎలా: భాగహారానికి ముందు జరగవలసిన పని

సాంద్రత సూత్రాన్ని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. పదార్థపు ద్రవ్యరాశిని దాని ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేదే సాంద్రత. భాగహారం వచ్చిన ఎవరైనా ఈ లెక్క చేయగలరు. అయినా ఒకే ఇనుప ముక్కను చేతులు మార్చి పదిమందిని సాంద్రత కనుక్కోమంటే ఒకరికి 7.2, ఇంకొకరికి 7.9, మరొకరికి 8.6 వచ్చినా ఆశ్చర్యపోనవసరం లేదు. ఆ తేడా భాగహారంలో పుట్టినది కాదు. ద్రవ్యరాశిని త్రాసు చెప్పేస్తుంది, దానిలో పొరపాటు పడటానికి అవకాశం తక్కువ. ఘనపరిమాణాన్ని మాత్రం మనమే ఏదో ఒక ఉపాయంతో రాబట్టుకోవాలి, తప్పులన్నీ ఆ ఉపాయంలోనే దాక్కుంటాయి. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఘనపరిమాణాన్ని నమ్మకంగా కొలవడం గురించే ఉంటుంది.

ముందు మాటలు, తరువాత ప్రమాణాలు

కిలో దూది బరువా, కిలో ఇనుము బరువా అని చిన్నపిల్లలను ఆటపట్టించే ప్రశ్న మీరు వినే ఉంటారు. రెండూ కిలోయే కనుక తేడా లేదని తెలిసిన తరువాత కూడా మనసుకు ఇనుమే బరువని తోస్తుంది. మన వాడుక భాషలో ‘బరువు’ అనే ఒకే మాట రెండు వేర్వేరు భావాలను మోస్తున్నందువల్ల ఇలా జరుగుతుంది. వస్తువు మొత్తంలో ఎంత పదార్థం ఉందన్నది ద్రవ్యరాశి. అది ఎంత చోటులో ఇమిడి ఉందన్నది కూడా కలిపి చూస్తే సాంద్రత. గుండుసూది నీటిలో మునిగిపోతుంది, మనిషి ఎత్తలేని దుంగ తేలుతుంది. ఇక్కడ నిర్ణయించేది మొత్తం బరువు కాదు, ప్రతి ఘన సెంటీమీటరులో ఉన్న ద్రవ్యరాశి. అందుకే ఇనుప కడ్డీని సగానికి కోస్తే ద్రవ్యరాశి సగమవుతుంది, ఘనపరిమాణమూ సగమవుతుంది, సాంద్రత మాత్రం మారదు.

సాంద్రత = ద్రవ్యరాశి ÷ ఘనపరిమాణం

ద్రవ్యరాశిని గ్రాములలో, ఘనపరిమాణాన్ని ఘన సెంటీమీటర్లలో తీసుకుంటే చిన్న వస్తువుల లెక్క సులువుగా సాగుతుంది. ఒక మిల్లీలీటరు, ఒక ఘన సెంటీమీటరు ఒకటే కనుక కొలజాడీ (మిల్లీలీటరు గీతలున్న గాజు గొట్టం) మీది అంకెను మార్చకుండా నేరుగా వాడుకోవచ్చు. ఇంజనీరింగ్ పుస్తకాలలో, అంతర్జాతీయ ప్రమాణాలలో సాంద్రతను ఘన మీటరుకు ఇన్ని కిలోగ్రాములని చెబుతారు. మొదటిదానిని రెండవదానిగా మార్చాలంటే వెయ్యితో గుణించాలి. చాలామంది ఇక్కడ గుణించాలా, భాగించాలా అని తికమకపడతారు. ఒక ఘన మీటరులో పది లక్షల ఘన సెంటీమీటర్లు ఉంటాయి, ఒక కిలోగ్రాములో వెయ్యి గ్రాములే ఉంటాయి. కాబట్టి ఘన సెంటీమీటరుకు ఒక గ్రాము అంటే ఘన మీటరుకు పది లక్షల గ్రాములు, అంటే వెయ్యి కిలోగ్రాములు. అది కూడా గుర్తుండకపోతే ఒక ఘన మీటరు నీరు ఒక టన్ను తూగుతుందని గుర్తుపెట్టుకోండి.

నీటి సాంద్రత దాదాపు సరిగ్గా 1 రావడం ప్రకృతి వింత కాదు. 1795లో ఫ్రాన్స్‌లో మెట్రిక్ పద్ధతిని రూపొందించినప్పుడు, కరుగుతున్న మంచు ఉష్ణోగ్రత వద్ద ఒక ఘన సెంటీమీటరు నీటి ద్రవ్యరాశినే గ్రాముగా నిర్వచించారు. కిలోగ్రాము నిర్వచనం ఇప్పుడు నీటిమీద ఆధారపడి లేదు. 2019 నుంచి దానిని ప్లాంక్ స్థిరాంకమనే భౌతికశాస్త్ర స్థిరాంకంతో ముడిపెట్టారు. అయినా ఆ పాత ఎంపిక మనకు ఒక వరంగా మిగిలిపోయింది, ముందు ముందు దానిని బాగా వాడుకోబోతున్నాం.

ద్రవ్యరాశి కొలత

దీని గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. వస్తువు మీద తడి, దుమ్ము, నూనె లేకుండా తుడవండి. త్రాసును కదలని సమతలం మీద ఉంచి, ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపుతోందో లేదో చూడండి. నీటిలో ముంచే పని ఉంటే ద్రవ్యరాశిని ముంచకముందే కొలవాలి. ముంచి తీసిన రాయిని తూచితే దానిని అంటుకున్న నీటిని కూడా తూచినట్లే. త్రాసు ఎన్ని గ్రాములకు ఒకసారి అంకె మారుస్తుందో గమనించండి. ఒక గ్రాము చొప్పున మారే త్రాసు మీద 8 గ్రాముల ముక్కను తూచితే అంకె గుండ్రం చేయడం వల్లనే ఆరు శాతం వరకు తేడా రావచ్చు, 800 గ్రాముల ముక్కకు ఆ చిక్కు ఉండదు.

సక్రమమైన ఆకారం ఉన్నప్పుడు

దిమ్మ, స్తూపం, గోళం వంటి ఆకారాల ఘనపరిమాణం కనుక్కోవడానికి స్కేలు, సూత్రం చాలు అని అందరూ అనుకుంటారు. చాలుతాయి, అయితే ఒక హెచ్చరికతో. ఒక స్తూపాకార లోహపు ముక్క వ్యాసం 2.00 సెం.మీ., ఎత్తు 5.00 సెం.మీ., ద్రవ్యరాశి 42.4 గ్రాములు అనుకుందాం. వ్యాసార్థం 1.00 సెం.మీ. కనుక ఘనపరిమాణం 3.1416 × 1.00 × 1.00 × 5.00, అంటే 15.7 ఘన సెం.మీ. సాంద్రత 42.4 ÷ 15.7 = 2.70. ఇది అల్యూమినియం సాంద్రత.

ఇప్పుడు స్కేలును సరిగ్గా వ్యాసం మీదుగా పెట్టినా, అంచు దగ్గర కన్ను కాస్త పక్కకు జరిగి వ్యాసాన్ని 2.1 అని చదివారనుకోండి. ఘనపరిమాణం 17.3 అవుతుంది, సాంద్రత 2.45కు పడిపోతుంది. ఒక్క మిల్లీమీటరు పొరపాటు, అంటే వ్యాసంలో 5 శాతం తప్పు, జవాబులో దాదాపు 9 శాతం తప్పుగా మారింది, ఎందుకంటే సూత్రంలో వ్యాసార్థం రెండుసార్లు గుణింపబడుతుంది. గోళానికైతే మూడుసార్లు. అందుచేత వ్యాసాన్ని వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవండి, ఒకేచోట కాకుండా ముక్కను తిప్పుతూ మూడు నాలుగు చోట్ల కొలిచి సగటు తీయండి. కాలిపర్స్ లేకపోతే ఒకే రకమైన ముక్కలను పది వరుసగా పేర్చి మొత్తం పొడవును స్కేలుతో కొలిచి పదితో భాగించినా పొరపాటు పదోవంతుకు తగ్గుతుంది.

ఆకారం లేని వస్తువు: నీటి మట్టం పద్ధతి

గులకరాయికో, తాళంచెవికో సూత్రం ఏదీ లేదు. దానిని నీటిలో ముంచితే తన చోటుకు సమానమైన నీటిని పక్కకు నెడుతుంది, ఆ నీరు మట్టం పెంచుతుంది, పెరిగినంతే ఘనపరిమాణం. కొలజాడీలో 50.0 మి.లీ. నీరు పోసి, దారం కట్టిన రాయిని నెమ్మదిగా దించినప్పుడు మట్టం 75.5కు చేరితే రాయి ఘనపరిమాణం 25.5 ఘన సెం.మీ. రాయి ద్రవ్యరాశి 68.4 గ్రాములైతే సాంద్రత 2.68 అవుతుంది. గ్రానైటు రాళ్లు సాధారణంగా 2.6 నుంచి 2.7 మధ్య ఉంటాయి కనుక ఇది నమ్మదగ్గ జవాబే.

ఈ పని చేసేటప్పుడు జాడీలో ఏం జరుగుతోందో దగ్గరగా చూడండి. గాజు గోడను అంటుకొని నీరు అంచుల వద్ద పైకి పాకుతుంది, మధ్యలో నెలవంకలాగ దిగి ఉంటుంది. చదవవలసినది ఆ నెలవంక అడుగును, అదీ కన్నును సరిగ్గా ఆ మట్టానికి దించి. నిలబడి పైనుంచి చూస్తే అంకె ఎక్కువగా, కిందనుంచి చూస్తే తక్కువగా కనిపిస్తుంది. పాదరసానికి ఇది తలకిందులు, దాని తలం మధ్యలో ఉబ్బి ఉంటుంది కనుక ఉబ్బు పైభాగాన్ని చదవాలి. ఇక రాయి మీది గుంటలలో, తాళంచెవి పళ్ల సందుల్లో చిన్న చిన్న గాలి బుడగలు వెండి పూసల్లా మెరుస్తూ అతుక్కొని ఉంటాయి. ఆరు మిల్లీమీటర్ల వ్యాసమున్న ఒక్క బుడగ 0.11 మి.లీ. చోటు ఆక్రమిస్తుంది, అటువంటివి నాలుగు చేరితే అర మిల్లీలీటరుకు దగ్గరగా లెక్క పెరిగి సాంద్రత తగ్గినట్లు కనిపిస్తుంది. దారాన్ని పట్టుకొని వస్తువును నీటిలో రెండు మూడుసార్లు తిప్పండి, జాడీని వేలితో తట్టండి. నీటిలో ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలిపినా బుడగలు సులువుగా వదులుతాయి.

వస్తువు చిన్నదైతే అసలు చిక్కు వేరు. ఒక మర మేకు ఘనపరిమాణం 0.2 మి.లీ. మాత్రమే ఉంటే, ఒక మిల్లీలీటరు గీతలున్న జాడీలో మట్టం కదిలినట్లే కనిపించదు. అలాంటప్పుడు ఒకే రకం మర మేకులను నలభై తీసుకోండి. వాటి మొత్తం ద్రవ్యరాశి 62.8 గ్రాములు, అవి పెంచిన మట్టం 8.0 మి.లీ. అయితే సాంద్రత 7.85, అది ఉక్కుకు సరిపోయే విలువ. వస్తువు ఇమిడేంతవరకు జాడీ ఎంత సన్ననిదైతే అంత మంచిది, ఎందుకంటే అదే ఘనపరిమాణానికి సన్నని జాడీలో మట్టం ఎక్కువ ఎత్తు లేస్తుంది.

ఈ చివరి మాటకు ఒక పాత కథ చక్కని సాక్ష్యం. ప్రాచీన గ్రీకు నగరం సిరక్యూస్ రాజు రెండవ హైరో చేయించిన స్వర్ణ కిరీటంలో వెండి కలిసిందో లేదో తేల్చమన్నప్పుడు ఆర్కిమెడిస్ స్నానపు తొట్టిలో ఉపాయం తట్టి పరుగెత్తాడని రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రాశాడు. ఆ కథలో చెప్పినట్లు పొర్లిన నీటిని కొలవడం నిజంగా సాధ్యమా అని లెక్క వేద్దాం. కిరీటం ఒక కిలోగ్రాము, పాత్ర మూతి వ్యాసం 20 సెం.మీ. అనుకుందాం. బంగారం సాంద్రత 19.3 కనుక మేలిమి బంగారపు కిరీటం ఘనపరిమాణం 51.8 ఘన సెం.మీ. అందులో 300 గ్రాములు వెండి అయితే, వెండి సాంద్రత 10.5 కనుక, మొత్తం సుమారు 65 ఘన సెం.మీ. తేడా 13 ఘన సెంటీమీటర్లు. అది 314 చదరపు సెంటీమీటర్ల నీటి తలం మీద పరచుకుంటే మట్టంలో తేడా 0.4 మిల్లీమీటరు మాత్రమే. నీటి అంచు ఉబ్బే తీరులోనే అంతకంటే ఎక్కువ తేడా ఉంటుంది. గెలీలియోకు కూడా ఈ అనుమానమే వచ్చింది. 1586లో రాసిన ఒక చిన్న వ్యాసంలో ఆయన, ఆర్కిమెడిస్ కిరీటాన్ని నీటిలో వేలాడదీసి తూచి ఉంటాడని వాదించి, అందుకు తగిన త్రాసును కూడా వర్ణించాడు. నా దృష్టిలో ఆయన చెప్పిన దారే సరైనది. ఇంట్లో డిజిటల్ త్రాసు ఉంటే మీరు కూడా అదే చేయవచ్చు.

వేలాడదీసి తూచే పద్ధతి

త్రాసు మీద సగానికి పైగా నీరున్న గాజు గ్లాసును ఉంచి, త్రాసును సున్నా చేయండి. వస్తువుకు సన్నని దారం కట్టి, పైనుంచి చేత్తో పట్టుకొని నీటిలోకి దించండి. వస్తువు పూర్తిగా మునగాలి, గ్లాసు అడుగును గానీ గోడను గానీ తాకకూడదు. చేయి వణకకుండా దారాన్ని ఏదైనా దండెకు కట్టడం మేలు. ఇప్పుడు త్రాసు ఒక అంకెను చూపుతుంది. వస్తువు బరువులో ఎక్కువ భాగాన్ని దారం మోస్తున్నా త్రాసు ఎందుకు కదిలిందన్నది ఆలోచించదగ్గ విషయం. నీరు వస్తువును ఎంత బలంతో పైకి నెడుతోందో, వస్తువు నీటిని అంతే బలంతో కిందికి నెడుతుంది. ఆ బలం వస్తువు తొలగించిన నీటి బరువుకు సమానం. అంటే త్రాసు చూపుతున్న గ్రాములు తొలగిన నీటి గ్రాములు, నీటి సాంద్రత 1 కనుక అవే ఘన సెంటీమీటర్లలో వస్తువు ఘనపరిమాణం. మెట్రిక్ పద్ధతి ఇచ్చిన వరం అని ముందు చెప్పింది దీని గురించే.

ఒక ఇత్తడి ముక్క గాలిలో 127.5 గ్రాములు తూగింది, నీటిలో వేలాడదీసినప్పుడు త్రాసు 15.0 చూపింది అనుకుంటే సాంద్రత 127.5 ÷ 15.0 = 8.50. ఇత్తడి సాంద్రత మిశ్రమాన్ని బట్టి ఇంచుమించు 8.4 నుంచి 8.7 మధ్య ఉంటుంది. దారం కాస్త వదులై ముక్క గ్లాసు అడుగున కూర్చుంటే అంకె ఒక్కసారిగా 127.5కు ఎగబాకుతుంది, కాబట్టి తాకిందన్న సంగతి వెంటనే తెలిసిపోతుంది. గోడను ఒరుసుకున్నప్పుడు మాత్రం అంకె కొద్దిగానే మారి మోసం చేస్తుంది. ముక్కను కాస్త జరిపి చూసినా అదే అంకె నిలుస్తోందా అని పరీక్షించాలి. పదోవంతు గ్రాము చూపే మామూలు త్రాసుతో ఘనపరిమాణాన్ని 0.1 ఘన సెం.మీ. వరకు పట్టుకోగలిగే ఈ పద్ధతి, మిల్లీలీటరు గీతలున్న జాడీకంటే ఎన్నో రెట్లు నమ్మదగినది. రెండింటిలో ఒకటే ఎంచుకోవలసి వస్తే నేను త్రాసునే ఎంచుకుంటాను.

తేలే వస్తువులకు కూడా ఇదే ఏర్పాటు పనికి వస్తుంది. 42.0 గ్రాముల కర్ర ముక్కను గ్లాసులోని నీటిమీద వదిలితే త్రాసు 42.0 చూపుతుంది, అది దాని ద్రవ్యరాశి. సన్నని సూదితో దానిని సరిగ్గా నీటి తలం కిందికి నొక్కి పట్టుకోండి, అంకె 60.0కు పెరిగితే అది దాని ఘనపరిమాణం. సాంద్రత 42.0 ÷ 60.0 = 0.70. ద్రవ్యరాశి, ఘనపరిమాణం రెండూ ఒకే గ్లాసులో దొరికాయి. వదిలేసినప్పుడు ఆ ముక్క తన ఘనపరిమాణంలో 70 శాతం నీటిలో, 30 శాతం పైన ఉంచి తేలుతుంది, అంటే తేలే వస్తువు తన సాంద్రతను తానే చూపిస్తోందన్నమాట. మంచు సాంద్రత 0.917, సముద్రపు నీటి సాంద్రత సుమారు 1.025 కనుక సముద్రంలోని మంచుకొండలో ఇంచుమించు పదింట తొమ్మిది వంతులు నీటి కిందనే ఉంటాయి. కొలజాడీ తప్ప మరేమీ లేకపోతే తేలే వస్తువుకు ఒక బరువైన ముక్కను కట్టి ముంచండి. బరువు ముక్క ఒక్కటే ఉన్నప్పటి మట్టాన్ని, రెండూ మునిగినప్పటి మట్టంలోంచి తీసివేస్తే సరిపోతుంది.

ఉప్పు, పంచదార వంటివి నీటిలో కరిగిపోతాయి కనుక వాటిని నూనెలో ముంచాలి. అప్పుడు త్రాసు చూపే అంకె తొలగిన నూనె ద్రవ్యరాశి అవుతుంది, దానిని నూనె సాంద్రతతో భాగిస్తేనే ఘనపరిమాణం వస్తుంది. 64.8 గ్రాముల ఉప్పురాయి 0.92 సాంద్రత గల నూనెలో 27.6 చూపితే ఘనపరిమాణం 27.6 ÷ 0.92 = 30.0, సాంద్రత 2.16. ఇటుక వంటి రంధ్రాలున్న వస్తువు నీటిని పీల్చుకుంటుంది. దాని బయటి ఆకారపు ఘనపరిమాణం కావాలంటే పలుచని మైనపు పూత వేసి ముంచాలి.

పొడులకు రెండు సాంద్రతలు

పొడి ఇసుకను కొలజాడీలో 100 మి.లీ. గీత వరకు పోసి తూచితే దాదాపు 160 గ్రాములు ఉంటుంది. సాంద్రత 1.6 అని రాసేస్తారు చాలామంది. ఆ ఇసుకనే 100 మి.లీ. నీరున్న పెద్ద జాడీలోకి వంపండి. మట్టం 200కు రాదు, 160 దగ్గరే ఆగిపోతుంది. రేణువుల సందుల్లోంచి గాలి బుడగలు బిలబిలమంటూ పైకి వస్తాయి, ఆ గాలి ఖాళీ చేసిన చోటులోకి నీరు దూరుతుంది. అంటే మీరు 100 మి.లీ. అనుకున్నదానిలో ఇసుక 60.4 మి.లీ. మాత్రమే, తక్కిన దాదాపు 40 ఖాళీ చోటు. రేణువుల అసలు సాంద్రత 160 ÷ 60.4, అంటే 2.65, అది ఇసుకలోని ముఖ్య ఖనిజమైన క్వార్ట్జ్ సాంద్రత.

రెండు విలువలూ నిజమే, వాటి అవసరాలు వేరు. బస్తా ఎంత పెద్దది ఉండాలి, బండిలో ఎంత ఎత్తు వస్తుంది అన్న ప్రశ్నలకు ఖాళీ చోటుతో కలిపిన సాంద్రత కావాలి. రేణువు ఏ పదార్థమో తెలియాలంటే ఖాళీ చోటు తీసేసిన సాంద్రత కావాలి. పైగా మొదటిది స్థిరమైన అంకె కాదు. జాడీని నేలమీద పదిసార్లు తట్టితే ఇసుక సర్దుకొని అదే ద్రవ్యరాశి తక్కువ చోటులోకి దిగుతుంది. కాబట్టి పొడి సాంద్రత రాసేటప్పుడు వదులుగా పోసిందా, తట్టి సర్దిందా అన్నది కూడా రాయాలి.

ద్రవాలు

ద్రవాన్ని కొలజాడీలో పోసి, జాడీ ఖాళీ బరువును తీసివేసి, మిల్లీలీటర్లతో భాగించడం అందరికీ తోచే పద్ధతి. నీటికి అది చాలు. ఆముదం వంటి చిక్కని ద్రవం గోడలను పట్టుకొని జారుతూ ఉంటుంది, బుడగలు లోపలే నిలిచిపోతాయి, గీతను చదవడం కష్టమవుతుంది. మెరుగైన ఉపాయం ఏమిటంటే ఘనపరిమాణాన్ని గీతతో కాక నీటితో కొలవడం. బిగుతైన మూత, సన్నని మెడ ఉన్న చిన్న సీసాను ఖాళీగా తూచండి. తరువాత అంచు వరకు నీటితో నింపి, మూత పెట్టి, బయట తుడిచి తూచండి. ఆ నీటిని పారబోసి, సీసాను పూర్తిగా ఆరబెట్టి, అదే అంచు వరకు మీ ద్రవంతో నింపి తూచండి.

ఖాళీ సీసా 28.4 గ్రాములు, నీటితో 78.3, ఆముదంతో 76.4 అనుకుందాం. నీటి ద్రవ్యరాశి 49.9, ఆముదం ద్రవ్యరాశి 48.0. రెండవదానిని మొదటిదానితో భాగిస్తే 0.962 వస్తుంది, దీనిని సాపేక్ష సాంద్రత అంటారు. ఇది నీటితో పోల్చిన నిష్పత్తి కనుక దీనికి ప్రమాణం ఉండదు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి సాంద్రత 0.997 కనుక దానితో గుణిస్తే ఆముదం సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.959 గ్రాములు. సీసా ఘనపరిమాణం ఎంతో మనకు తెలియవలసిన అవసరమే రాలేదు. ప్రయోగశాలలో ఇదే పనికి మధ్యలో సన్నని రంధ్రమున్న గాజు మూతతో ప్రత్యేకమైన సీసా ఉంటుంది. మూత పెట్టగానే ఎక్కువైన ద్రవం రంధ్రంలోంచి బయటకు పోయి ప్రతిసారీ సరిగ్గా అంతే ఘనపరిమాణం మిగులుతుంది.

తూచే ఓపిక లేనివారికి హైడ్రోమీటర్ ఉంది. అడుగున బరువు, పైన అంకెలున్న సన్నని కాడ గల ఈ గాజు గొట్టం పలుచని ద్రవంలో లోతుగా, చిక్కని ద్రవంలో పైకి తేలుతుంది. బ్యాటరీలోని ఆమ్లాన్ని పరీక్షించేది దీనితోనే. పూర్తిగా చార్జయిన సీసపు బ్యాటరీలో సాపేక్ష సాంద్రత సుమారు 1.26 నుంచి 1.28 వరకు ఉంటుంది, బ్యాటరీ వాడుకలో ఖర్చయ్యే కొద్దీ ఆమ్లం పలుచబడి ఆ అంకె తగ్గుతుంది. పాలను పరీక్షించే లాక్టోమీటర్ దీని తమ్ముడే. ఇక్కడ ‘చిక్కని’ అన్న మాటతో జాగ్రత్త అవసరం. జిగటగా ఉండటం వేరు, సాంద్రంగా ఉండటం వేరు. ఆముదం నీటికంటే ఎంతో జిగట, అయినా నీటిమీద తేలుతుంది. పాదరసం జిగటగా ఉండదు, కానీ దాని సాంద్రత 13.6.

ఉష్ణోగ్రతను పక్కన రాయండి

వేడెక్కితే దాదాపు ప్రతి పదార్థమూ వ్యాకోచిస్తుంది, అదే ద్రవ్యరాశి ఎక్కువ చోటులో పరచుకుంటుంది, సాంద్రత తగ్గుతుంది. నీటి సాంద్రత 20 డిగ్రీల వద్ద 0.9982, 30 వద్ద 0.9957, 40 వద్ద 0.9922. ముందు చెప్పిన ఇత్తడి ముక్కను 30 డిగ్రీల నీటిలో తూచి ఉంటే, 15.0 గ్రాముల నీరు నిజానికి 15.06 ఘన సెం.మీ. కనుక సాంద్రత 8.50 కాక 8.46 అవుతుంది. రెండు అంకెల ఖచ్చితత్వం చాలనుకునేవారు దీనిని వదిలేయవచ్చు, మూడు అంకెలు కావాలనుకునేవారు వదలకూడదు. ఆల్కహాల్, కిరోసిన్ వంటివి నీటికంటే చాలా ఎక్కువగా వ్యాకోచిస్తాయి కనుక వాటి సాంద్రతను ఉష్ణోగ్రత చెప్పకుండా రాయడం సగం మాట చెప్పడమే. నీరు మాత్రం 4 డిగ్రీల దగ్గర గరిష్ఠ సాంద్రతకు చేరి, ఇంకా చల్లబడితే తిరిగి తేలికవుతుంది. చలి దేశాల చెరువులు పైనుంచి గడ్డకట్టడానికీ, అడుగున చేపలు బతకడానికీ ఇదే కారణం.

వాయువులు

20 డిగ్రీల వద్ద, సముద్ర మట్టపు పీడనంలో గాలి సాంద్రత ఘన మీటరుకు సుమారు 1.2 కిలోగ్రాములు. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న గదిలో 36 ఘన మీటర్ల గాలి, అంటే 43 కిలోగ్రాములు ఉంటుంది. ఏమీ లేదనుకునే ఖాళీ గదిలో అంత బరువు ఉంది. దీనిని ఊదిన బెలూన్‌ను తూచి కనుక్కోవచ్చనుకుంటే మాత్రం దెబ్బతింటారు. బెలూన్ కూడా గాలిలో మునిగి ఉన్న వస్తువే కనుక బయటి గాలి దానిని పైకి నెడుతుంది. త్రాసు చూపేది రబ్బరు బరువుకు తోడు, లోపల ఒత్తుకున్న కొద్దిపాటి అదనపు గాలిని మాత్రమే. వాయువును తూచాలంటే ఆకారం మారని పాత్ర కావాలి, దానిని ఒకసారి శూన్యం చేసి, ఒకసారి నింపి తూచాలి. పీడనం, ఉష్ణోగ్రత రెండూ రాసుకోవాలి, ఎందుకంటే ఇవి మారితే వాయువు సాంద్రత ఘన, ద్రవ పదార్థాలలో లాగ కొద్దిగా కాక పీడనానికి అనులోమానుపాతంలో, పరమ ఉష్ణోగ్రతకు (కెల్విన్‌లలో చెప్పే ఉష్ణోగ్రతకు) విలోమానుపాతంలో మారిపోతుంది.

ఇంత కష్టపడి వాయువును తూచితే ఏమి వస్తుందో లార్డ్ రేలీ చూపించాడు. గాలిలోంచి ఆక్సిజన్ తదితరాలను తొలగించగా మిగిలిన నైట్రోజన్, అమ్మోనియా నుంచి తయారుచేసిన నైట్రోజన్ కంటే కొంచెం బరువుగా ఉన్నట్లు ఆయనకు కనిపించింది. ఆ తేడా దాదాపు అర శాతమే. మరొకరైతే కొలత తప్పని వదిలేసేవారేమో. ఆయన తన కొలతలను పదేపదే సరిచూసుకొని, తేడా నిజమేనని తేల్చుకున్నాడు. దాని వెనుక గాలిలో అప్పటివరకు ఎవరూ గుర్తించని ఒక బరువైన వాయువు ఉందని 1894లో రేలీ, విలియం రామ్సే ప్రకటించారు. అదే ఆర్గాన్. 1904లో రేలీకి భౌతికశాస్త్రంలో, రామ్సేకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతులు వచ్చాయి.

జవాబును ఎలా రాయాలి, దేనితో పోల్చాలి

రాయి లెక్కలో క్యాలిక్యులేటర్ 2.68235294 అని చూపుతుంది. అందులో మూడు అంకెలకే అర్హత ఉంది, ఎందుకంటే 25.5 అన్న ఘనపరిమాణంలో మూడే అంకెలు ఉన్నాయి. మట్టం చదవడంలో అర మిల్లీలీటరు అటూ ఇటూ అయితే సాంద్రత 2.63 నుంచి 2.74 వరకు కదులుతుందని లెక్క వేసి చూడండి. అప్పుడు మూడవ అంకెను కూడా కొంచెం అనుమానంతోనే చూస్తారు. వీలైతే మొత్తం కొలతను మూడుసార్లు మొదటినుంచి చేయండి. పాత అంకెను చూసుకుంటూ చేసిన రెండవ కొలత కొలత కాదు. నీటి పద్ధతిని తొలిసారి వాడేవారు ముందుగా సాంద్రత తెలిసిన వస్తువుతో, ఉదాహరణకు స్వచ్ఛమైన అల్యూమినియం లేదా రాగి ముక్కతో పరీక్షించుకుంటే తాము కొలిచే తీరులో ఎంత తేడా ఉందో తెలుస్తుంది. పోల్చుకోవడానికి కొన్ని విలువలు: అల్యూమినియం 2.70, జింకు 7.14, ఇనుము 7.87, రాగి 8.96, వెండి 10.5, సీసం 11.3, బంగారం 19.3, ప్లాటినం 21.4.

వస్తువు ఒకే పదార్థంతో కాక రెండింటి కలయికతో చేసినదైతే సగటును ఆలోచించి తీయాలి. సమాన ఘనపరిమాణాల బంగారం, రాగి పక్కపక్కన చేరితే సాంద్రత 19.3, 8.96ల మామూలు సగటు, అంటే 14.1. సమాన ద్రవ్యరాశులు చేరితే అది 12.2 మాత్రమే, ఎందుకంటే అంతే ద్రవ్యరాశికి రాగి రెండింతలకు పైగా చోటు తీసుకుంటుంది. మొత్తం ద్రవ్యరాశిని మొత్తం ఘనపరిమాణంతో భాగించే అలవాటు పెట్టుకుంటే ఈ పొరపాటు జరగదు. కొన్ని ద్రవాలలో మొత్తం ఘనపరిమాణం కూడా కూడికకు లొంగదు. 50 మి.లీ. ఆల్కహాల్‌ను 50 మి.లీ. నీటితో కలిపితే 100 రావు, ఇంచుమించు 96 లేదా 97 మి.లీ. మాత్రమే వస్తాయి, కాబట్టి అటువంటి మిశ్రమాల ఘనపరిమాణాన్ని కలిపిన తరువాతే కొలవాలి.

పట్టికలోని అంకెతో మీ జవాబు సరిపోయినంత మాత్రాన పదార్థం అదేనని నిర్ధారించవద్దు. సాంద్రత సరిపోకపోతే అది ఆ పదార్థం కాదని గట్టిగా చెప్పవచ్చు. సరిపోతే అది అయి ఉండవచ్చని మాత్రమే చెప్పవచ్చు. టంగ్‌స్టన్ సాంద్రత 19.25, బంగారం సాంద్రత 19.3. లోపల టంగ్‌స్టన్ ఉంచి పైన బంగారం పోత పోసిన కడ్డీని ఇంతవరకు చెప్పుకున్న ఏ పద్ధతీ పట్టుకోలేదు. అక్కడ అతిధ్వని తరంగాలను పంపి చూస్తారు. టంగ్‌స్టన్‌లో ధ్వని బంగారంలో కంటే చాలా వేగంగా పోతుంది.